బ్రెజ్జానా? నెక్సానా? ముందు డొంకనడగాలి!

నరసరావుపేట: పల్లెల్లో ఒకప్పుడు కారంటే పెళ్లికి అద్దెకు వచ్చే అంబాసిడరే. పెళ్లికూతురు దిగీ దిగకముందే పిల్లలు హారన్ నొక్కి పారిపోయేవారు. ఇప్పుడు అదే పల్లెల్లో వేపచెట్టు కింద, కళ్లం పక్కన, గొడ్లపాక ముందు పొట్టిగా, ఎత్తుగా ఉండే కార్లు కనిపిస్తున్నాయి. చిన్న ఎస్‌యూవీలని వీటికి పేరు. మిర్చి నాలుగు డబ్బులు చూపిన ఏడాది బయానా ఇచ్చి, ధర పడిపోయిన ఏడాది కిస్తీ కట్టలేక తల పట్టుకున్నవారూ ఉన్నారు. పది లక్షల వ్యవహారానికి పది రోజులు ఆలోచిస్తే తప్పేముందని ఒక రైతు అనుకున్నారు. ఆయన వేసిన లెక్కలు పదిమందికీ పనికొస్తాయి.

నరసరావుపేటకు దగ్గరలోని ఒక గ్రామంలో ఆయనకు ఏడెకరాల మిర్చి, పత్తి సేద్యం. ఇల్లు ఊరికి ఎడంగా ఉంది. తారురోడ్డు దిగాక అర కిలోమీటరు డొంకలో పోవాలి. నల్లరేగడి నేల. గత వానాకాలం ఒక రాత్రి ఆయన తల్లికి గుండెల్లో నొప్పి వచ్చింది. పిలిచిన ఆటో డొంకలో దిగబడింది. ముసలమ్మను మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చి రోడ్డెక్కించారు. సమయానికి గుంటూరు చేరారు గనుక ప్రాణం దక్కింది. "కారు కొనాలని ఆ రాత్రే అనుకున్నాను. షోకు కోసం కాదు" అన్నారాయన ఈ విలేకరితో.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోనులో టాటా నెక్సాన్ కొనమన్నాడు. ఊళ్లో నలుగురూ మారుతి బ్రెజ్జా కొనమన్నారు. ఆయన ఇద్దరికీ సరేననలేదు. కొడుకు విడిచిన పాత నోటుపుస్తకం తీసి పేజీ మధ్యలో గీత గీశారు. అటు బ్రెజ్జా, ఇటు నెక్సాన్.

పొడవు ఒకటే... పన్ను వేరు

మొదట ఆశ్చర్యపరచింది పొడవు. రెండు కార్లూ 3,995 మిల్లీమీటర్లే. నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ. ఇది కాకతాళీయం కాదు. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు ఉండే చిన్నకార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. అప్పటినుంచి కంపెనీలు ఆ గీత దాటకుండా కార్లు చేయడం మొదలుపెట్టాయి. బ్రెజ్జా 2016లో, నెక్సాన్ 2017లో వచ్చినవే.

అయితే పొడవు ఒక్కటి చాలదు. పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిలు ఇంజను 1,500 సీసీ మించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారినప్పుడు ఈ రెండు షరతులకూ లోబడిన కార్లకు పన్ను 18 శాతం, మిగతావాటికి 40 శాతం అయింది. నెక్సాన్ పెట్రోలు ఇంజను 1,199 సీసీ, డీజిలుది 1,497 సీసీ. అందుచేత 18 శాతమే. బ్రెజ్జా పెట్రోలు ఇంజను 1,462 సీసీ. కాబట్టి పొడవు తక్కువైనా 40 శాతం. అసలు ధరలో ప్రతి లక్షకూ ఒకదాని మీద 18 వేలు, మరొకదాని మీద 40 వేలు సర్కారుకు పోతాయన్నమాట. ఆ నెలలో పన్ను తగ్గాక నెక్సాన్ షోరూము ధర సుమారు 7 లక్షల 32 వేల నుంచి, బ్రెజ్జా ధర సుమారు 8 లక్షల 26 వేల నుంచి మొదలయ్యాయి.

"షోరూము ధర చూసి మోసపోకూడదు. రోడ్డు టాక్సు, బీమా, రిజిస్ట్రేషను కలిపి కారు మన వాకిట్లోకి వచ్చేసరికి ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మన్నాను" అన్నారు రైతు. అక్కరలేని సీటు కవర్లు, పాలిష్ వంటివి ఆ కాగితంలో కలిపేస్తారనీ, అడిగితేనే తీసేస్తారనీ ఆయన అనుభవం.

టేపు పట్టి చూస్తే

నేలకూ కారు అడుగుకూ మధ్య జాగా నెక్సాన్‌కు 208 మిల్లీమీటర్లు, బ్రెజ్జాకు సుమారు 200. డొంకలో బండి గాడికి ఈ తేడా పెద్దది కాదు. సామాను పెట్టె నెక్సాన్‌లో 382 లీటర్లు, బ్రెజ్జాలో 328. ఎత్తులో మాత్రం బ్రెజ్జాదే పైచేయి. అది 1,685 మిల్లీమీటర్లు, ఇది 1,620. ఆరున్నర సెంటీమీటర్ల తేడా ముసలివాళ్లకు తెలుస్తుంది.

అందుకే ఆయన తల్లిని వెంటబెట్టుకుని షోరూములకు వెళ్లారు. అక్కడి కుర్రాళ్లు ముందు వింతగా చూశారట. మోకాళ్ల నొప్పులున్న ఆమె రెండింటిలోనూ ఎక్కి దిగి, "నాయనా, ఎత్తున్న దాంట్లో తల అంతగా వంచక్కరలేదు. రెండోదాంట్లోనూ కూచోగలను. ముందు ఇంటిదాకా వచ్చేది ఏదో చూడు" అన్నదట.

పెట్రోలా, డీజిలా, గ్యాసా?

2020లో మారుతి డీజిలు కార్లు మానేసింది. కొత్త బ్రెజ్జాలో పెట్రోలు, సీఎన్‌జీ రకాలున్నాయి. నెక్సాన్‌లో పెట్రోలు, డీజిలు, సీఎన్‌జీ మూడూ దొరుకుతాయి. డీజిలయితే చవక అని ఊళ్లో సలహా. ఆయన లెక్క కట్టారు.

లీటరు పెట్రోలు 110, డీజిలు 98 రూపాయలు అనుకుందాం. మన రోడ్ల మీద పెట్రోలు కారు లీటరుకు 15, డీజిలు కారు 19 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 88 వేలు, డీజిలుకు సుమారు 62 వేలు. మిగిలేది 26 వేలు. డీజిలు కారుకు లక్ష ఎక్కువ పెడితే ఆ లక్ష రాబట్టుకోవడానికి నాలుగేళ్లు. ఈ రైతు తిరిగేది అందులో సగమే. ఆయనకు ఎనిమిదేళ్లు పడుతుంది. పైగా ఇప్పటి డీజిలు కార్లలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ ఉంటుంది. అప్పుడప్పుడు పెద్దరోడ్డు మీద వేగంగా, ఆగకుండా నడిపితేనే ఆ మసి కాలుతుంది. పొలానికి, పాలకేంద్రానికి మాత్రమే తిప్పితే జల్లెడ మూసుకుపోయి ఖర్చు తెస్తుంది. రోజూ దూరాలు పోయేవారికి డీజిలు లాభం. ఆయనకు కాదు.

సీఎన్‌జీ ఖర్చు తక్కువే. బ్రెజ్జా కిలోకు 25 కిలోమీటర్ల పైన ఇస్తుందని కంపెనీ లెక్క. కాని అందులో సిలిండరు సామాను పెట్టెను చాలావరకు ఆక్రమిస్తుంది. నెక్సాన్‌లో రెండు చిన్న సిలిండర్లను కింద అమర్చారు గనుక 321 లీటర్ల జాగా మిగులుతుంది. ఏదైనా, మనం రోజూ పోయే దారిలో గ్యాసు బంకు ఉందో లేదో, అక్కడ వరుస ఎంత ఉంటుందో చూసుకోకుండా దిగితే చిక్కే.

చుక్కల సంగతి

అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి మీద రాత్రిపూట లారీల మధ్య నడిపినవారికి కారు గట్టిదనం విలువ తెలుస్తుంది. కారును గోడకు గుద్దించి పరీక్షచేసి చుక్కలు ఇచ్చే పద్ధతి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ పేరుతో 2023 అక్టోబరులో అమలులోకి వచ్చింది. నెక్సాన్‌కు 2024లో అందులో 5 చుక్కలు వచ్చాయి. బ్రెజ్జా పాత రూపానికి 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ 4 చుక్కలు ఇచ్చింది. 2022లో బ్రెజ్జా కొత్త రూపంతో వచ్చింది కాబట్టి పాత చుక్కలను దీనికి అంటగట్టి పొగడటమూ తప్పే, తెగడటమూ తప్పే. చుక్కలు చూసేటప్పుడు ఏ సంవత్సరం మోడలుకో, ఏ పరీక్షలోనో చూడాలి.

ఆరు గాలిసంచులు నెక్సాన్‌లో 2023 నుంచి, బ్రెజ్జాలో 2025 నుంచి అన్ని రకాలకూ ఇస్తున్నారు. అయితే బెల్టు పెట్టుకోకపోతే సంచులున్నా రక్షణ సగమే. వెనక సీటువాళ్లూ బెల్టు కట్టాల్సిందే.

కోటప్పకొండ ఎక్కించి...

షోరూము చుట్టూ ఒక చక్కరు కొట్టించి సంతకం పెట్టమంటే ఆయన ఒప్పుకోలేదు. అయిదుగురిని ఎక్కించుకుని కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కిస్తానన్నారు. ముందు నసిగినా, కొనేవాడని నమ్మకం కుదిరాక రెండుచోట్లా ఒప్పుకున్నారు. బండి నడిపింది మేనల్లుడు.

"మావయ్యా, బ్రెజ్జా ఊళ్లో మెత్తగా, చప్పుడు లేకుండా పోతోంది. నిండా జనం ఉంటే ఎక్కుడులో గేరు తగ్గించాలి. నెక్సాన్ కొండ మీద బాగా లాగుతోంది. మరీ నెమ్మదిగా పోవాల్సినచోట క్లచ్ మీద కాలు ఆడుతుండాలి" అని అతను తేల్చాడు. ఇంజను బలం అంకెల్లోనూ ఆ తేడా ఉంది. చక్రాన్ని తిప్పే శక్తి బ్రెజ్జాది 137 న్యూటన్ మీటర్లు, టర్బో ఉన్న నెక్సాన్ పెట్రోలుది 170.

అక్కడినుంచి తిన్నగా ఇంటి డొంకలోకి తెచ్చారు. ముందురోజే వాన పడింది. అసలు సంగతి అక్కడ బయటపడింది. రెండు కార్లూ ఒకేచోట ఆగిపోయాయి. ఎస్‌యూవీ అనగానే బురదలో ట్రాక్టరులా పోతుందని మనవాళ్ల భ్రమ. ఈ రెండు కార్లకూ ముందు చక్రాలే తిరుగుతాయి. నల్లరేగడి చక్రానికి పట్టుకుంటే 208 మిల్లీమీటర్ల ఎత్తు ఏమీ చేయలేదు. రెండుసార్లూ ట్రాక్టరుతో లాగించారు.

కిస్తీ ఎన్ని క్వింటాళ్లు?

ఆరు లక్షలు అప్పు తీసుకుని అయిదేళ్లలో, తొమ్మిదిన్నర శాతం వడ్డీతో తీరిస్తే నెలకు సుమారు 12,600 రూపాయలు. ఏడాదికి లక్షా 51 వేలు. అయిదేళ్లలో వడ్డీయే లక్షా 56 వేలు. ఈ అంకెను రైతు మిర్చిలోకి మార్చి చూశారు. క్వింటాలు 20 వేలు పలికితే ఏటా ఎనిమిది క్వింటాళ్లు చాలు. 2025 మొదట్లో ధరలు కూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం కింద నిర్ణయించిన రేటు 11,781 రూపాయలు. ఆ లెక్కన ఏటా పదమూడు క్వింటాళ్లు కిస్తీకే పోతాయి. "కొనేటప్పుడు మంచి ఏడాది ధర కాదు, చెడ్డ ఏడాది ధర వేసుకోవాలి" అన్నది ఆయన తీర్మానం. రైతుకు నెలజీతం ఉండదు. కొన్ని బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంట చేతికొచ్చే కాలాన్నిబట్టి ఆరు నెలలకోసారి కిస్తీ కట్టే వీలు ఇస్తాయి. అడిగినవారికే అది తెలుస్తుంది.

చివరకు ఆయన కొన్నది నెక్సాన్ పెట్రోలు. పై రకం కాదు, కింది నుంచి రెండోది. అద్దం తెరుచుకునే పైకప్పు, పెద్ద టీవీ తెర వదులుకుని అప్పును ఆరు లక్షల నుంచి నాలుగు లక్షలకు తగ్గించుకున్నారు. తల్లి ఎక్కడానికి వీలుగా వడ్రంగి చేత చిన్న పీట చేయించారు. అదే ఊళ్లో ఉపాధ్యాయ దంపతులు బ్రెజ్జా తీసుకున్నారు. వారి ఇల్లు తారురోడ్డు మీదే ఉంది, నెలజీతం ఉంది, భార్యాభర్తలిద్దరూ నడపడానికి ఆటోమేటిక్ గేరు కావాలి, సర్వీసు కేంద్రం వారి బడి దారిలోనే ఉంది. వారి లెక్కకు అదే సరి. ఎవరూ తప్పు చేయలేదు.

కారు కంటే ముందు మరో పని జరిగింది. డొంక వెంట పొలాలున్న పదిమంది రైతులు కూడి తలా కొంత గ్రావెల్ తోలించి దిగబడేచోట ఎత్తు చేశారు. నీళ్లు పోవడానికి ఒక తూము వేశారు. మొన్నటి వానకు కారు ఇంటిముందుదాకా వచ్చింది. ఆటో కూడా వచ్చింది. కారు లేనివారికీ రాత్రివేళ ఇప్పుడా దారి ఉంది. మిగిలిన ముక్కకు పంచాయతీ పూనుకుంటే డొంకలోని ఇళ్లన్నిటికీ మేలు చేసినట్లవుతుంది.