చుక్కలకు చమురు పోసేదెవరు?

కార్తీక మాసం వచ్చిందంటే తిరుపతి కపిలతీర్థంలో సాయంకాలం దీపాల వరసలే. చీకటి పడ్డాక తూర్పుదిక్కున చూస్తే, ఆకాశంలో పిల్లలకోడి మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. ఈ మాసానికి పేరిచ్చిన కృత్తికలంటే అవే. కింది దీపాలకు చమురు మనం పోస్తాం. మరి పైవాటికి?

మన సూర్యుడూ ఒక నక్షత్రమే. దగ్గరగా ఉన్నాడు గనుక పెద్దగా కనిపిస్తున్నాడు. ఆయన గుట్టు తెలిస్తే చుక్కలన్నిటి గుట్టూ తెలిసినట్టే.

సూర్యుడు పెద్ద బొగ్గుల కుంపటి అనుకుందాం. అంత బొగ్గూ అయిదారువేల సంవత్సరాల్లో బూడిదైపోతుంది. అది కుదరదని సాక్ష్యం చెప్పడానికి తిరుమల కొండే ఉంది. ఘాట్ రోడ్డు పక్కన అడుగున ఒక జాతి రాయి, దానిమీద పొరలుపొరలుగా మరో జాతి రాయి కనిపిస్తాయి. అడుగుది సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. పై పొరలు, వంద కోట్ల ఏళ్లకు మునుపే నీళ్లలో ఇసుక పేరుకుని గట్టిపడినవి. నీళ్లు గడ్డకట్టకుండా ఉన్నాయంటే, అప్పటికే పైన సూర్యుడు కాస్తున్నాడన్నమాట!

ఈ చిక్కుముడిలో ఒక పోగు మన ఆంధ్రదేశంలోనే దొరికింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్సునుంచి జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాలనుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగును పట్టకాలతో విడదీసి చూశారు. పాగ్సన్‌కు అందులో ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. అది భూమిమీద తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తరువాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. సూర్యుడి గ్రీకు పేరుమీదుగా దానికి హీలియం అని పేరు వచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమిమీద పట్టుకున్నాడు.

సూర్యుడి గర్భంలో నిత్యం తయారవుతున్నదీ ఆ హీలియమే. అక్కడి వేడి కోటీ యాభై లక్షల డిగ్రీలు. ఆ వేడిలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. వేయి తులాల హైడ్రోజన్‌కు 993 తులాల హీలియమే వస్తుంది. మిగతా ఏడు తులాలూ ఏమైనట్టు? అదే వెలుగు, అదే వేడి! 1920లో ఎడింగ్టన్ ఈ ఊహ వెలిబుచ్చాడు. 1938, 39 సంవత్సరాల్లో హాన్స్ బేతే లెక్కకట్టి చూపించి, 1967లో నోబెల్ బహుమానం అందుకున్నాడు.

సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా ఖర్చుచేస్తున్నాడు. అందులో 40 లక్షల టన్నులకు పైగా వెలుగైపోతున్నది. గర్భంలో పుట్టిన ఆ శక్తి పైకి చేరడానికి వేలకొలది ఏళ్లు పడుతుంది. అక్కణ్ణుంచి మన వాకిట్లోకి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లే!

కాబట్టి చుక్కలకు ఎవరూ చమురు పోయనక్కరలేదు. పుట్టినప్పుడు తెచ్చుకున్నదే వాటి నిలవ. 460 కోట్ల ఏళ్లుగా వెలుగుతున్న సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్లకు సరిపడా ఉంది. కృత్తికలలోని పెద్ద చుక్కలు మాత్రం, సూర్యుడికంటె వందలరెట్లు వెలిగి, ఇరవై కోట్ల ఏళ్లయినా నిండకముందే నిలవ ఊడ్చేసుకుంటాయి. దుబారా చేసే సంసారం ఎంతోకాలం నిలవదన్న మాట ఆకాశంలోనూ నిజమే!