విత్తనం దాచుకునే కన్ను

గింజలన్నీ వండుకు తినేసే రైతు మరుసటి ఏడు ఏమి చల్లుతాడు? అన్నీ విత్తనానికే దాస్తే ఈ ఏడు ఏమి తింటాడు? ఈ రెంటికీ మధ్య తూకం తప్పకుండా మన కంటిలోని కొన్ని కణాలు నిత్యం చూసుకుంటున్నాయి. వాటినే మూలకణాలు అంటారు.

నల్లగుడ్డు మీద గాజుబిళ్ళలా కార్నియా ఉంటుంది. రెప్పల రాపిడికి దాని పైపొర కణాలు రాలిపోతూ ఉంటాయి. వారం పది రోజులలో ఆ పొర అంతా కొత్తదవుతుంది. కొత్త కణాలను అందించే నారుమడి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే సన్నని అంచులో ఉన్నదని 1986లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపారు.

గట్టున ఒకటి, పొలంలోకి ఒకటి

మూలకణం చీలి రెండవుతుంది. సాధారణంగా ఒకటి అంచులోనే ఉండిపోయి, తల్లిలాగానే మూలకణంగా మిగులుతుంది. రెండవది మధ్యకు జరుగుతూ, మరికొన్నిసార్లు చీలి, ముదిరి పైపొరగా మారుతుంది. చివరకు కన్నీటిలో కలిసిపోతుంది. అంచులోని పొరుగు కణాలు పంపే సంకేతాలు మూలకణాన్ని ముదరనివ్వవు. అక్కడి నుంచి కదలిన కణానికి ఆ కట్టడి ఉండదు. అందుకే విత్తనమూ తరగదు, పంటా ఆగదు.

సున్నం పడితే

కిళ్ళీ సున్నమో, గోడల సున్నమో కంట్లో పడితే ఈ అంచు కాలిపోవచ్చు. విత్తనం పడని పొలంలో కలుపు మొలిచినట్లు, తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. చూపు మసకబారుతుంది. దానంగా వచ్చిన కార్నియాను అతికించినా నిలవదు. పైపొరను పోషించే మూలకణాలు లేవు గదా!

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు 2012లో దీనికి ఒక సులువైన పద్ధతిని ప్రకటించారు. రెండవ కన్ను బాగుంటే, దాని అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై నాటుతారు. కొన్ని వారాలలో కొత్త పొర అల్లుకుంటుంది. అయితే రెండు కళ్ళూ కాలితే సొంత విత్తనం దొరకదు.

అందుచేత సున్నం పడిన వెంటనే కన్ను నలపకుండా, రెప్పలు విప్పి, శుభ్రమైన నీళ్ళ ధారతో అరగంట సేపు కడగాలి. ఆకు పసర్లు, చనుబాలు వేయరాదు. కడిగిన వెంటనే కంటి డాక్టరు వద్దకు తీసుకువెళ్ళాలి. సున్నం డబ్బాలు, పొట్లాలు పిల్లల చేతికి అందకుండా పెట్టుకోవడం అంతకన్నా మేలు.