ఒకే తాడుకు ఇద్దరు తోబుట్టువులు

ముంబయికి చలికాలమన్నది పేరుకే గాని, డిసెంబర్, జనవరి నెలల్లో కూడా అక్కడ పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. అయినా రాత్రివేళ 17, 18 డిగ్రీలకు దిగే ఆ రెండు నెలలే సహ్యాద్రి కొండల్లో రాక్ క్లైంబింగ్‌కు, అంటే నిటారు రాతిగోడను చేతులతో, కాళ్లతో పట్టు వెతుక్కుంటూ తాడు రక్షణలో ఎక్కే క్రీడకు, అన్నివిధాలా అనువైన కాలం. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కురిసే వానలకు ఆ గోడలు నాచుపట్టి, పగుళ్లలో గడ్డి మొలిచి, కాలు నిలవనంత జారుడుగా తయారవుతాయి. వానలు వెనుదిరిగాక నెలరోజులకు గాని లోతట్టు తేమ ఆరదు. మార్చి దాటిందంటే నల్లరాయి మధ్యాహ్నానికే చెయ్యి పెట్టలేనంతగా కాగుతుంది. మిగిలిన కొద్దికాలంలో క్రిస్మస్ సెలవులు, సంక్రాంతి రెండూ రావడం చదువుకునే అక్కాతమ్ముళ్లకు, అన్నాచెల్లెళ్లకు కలిసివచ్చిన సంగతి.

ముంబయిలోని కామాటిపుర తెలుగువారికి కొండరాతితో పరిచయం క్రీడ రూపంలో కలిగినది కాదు. 18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో, 1780ల నాటి హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట సముద్రపు పోటును ఆపిన తర్వాత, బొంబాయి దీవుల నడుమ ఉండిన పల్లపు నేలలు నివాసయోగ్యమయ్యాయి. నిజాం రాజ్యం నుంచి వలస వచ్చి, మట్టి మోసి, రాయి పేర్చి, రోడ్లూ భవనాలూ కట్టిన కామాటీలు, అంటే కట్టడపు పనుల కూలీలు, ఆ నేలల్లో స్థిరపడగా వారి పేరే ఆ పేటకు దక్కింది. తర్వాతి కాలంలో కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బట్టల మిల్లుల్లో పనికి వచ్చి వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ల వరుస భవనాల్లో, కుదురుకున్నారు. మహారాష్ట్రలో వడార్లని పిలిచే, రాళ్లు కొట్టి బతికే సముదాయానికి కూడా తెలుగునేల వడ్డెరలే మూలం. ఆ వృత్తిలో ఉన్నవారు బండను సుత్తితో తట్టి, వచ్చే మోతను బట్టి లోపల పగులుందో లేదో చెబుతారు. రాక్ క్లైంబింగ్ నేర్పే శిక్షకుడు కూడా మొదట నేర్పేది అదే, కాకపోతే సుత్తికి బదులు అరచేతి మొదలుతో తట్టాలి. ఖంగుమంటే పట్టుకోవచ్చు, బోలుగా మోగితే ఆ రాయిని వదిలి పక్కదాన్ని వెతకాలి.

చాళ్ల నుంచి ఈ కొండలు దూరమేమీ కాదు. భాయ్‌ఖలాలో స్లో లోకల్ ఎక్కితే, ఠాణే దాటాక వచ్చే ముంబ్రా స్టేషన్‌కు ఆనుకునే పార్సిక్ కొండల బండరాళ్లు, గోడలు ఉన్నాయి; హార్బర్ లైన్‌లో బేలాపుర్ దగ్గర మరికొన్ని ఉన్నాయి; కొంత అనుభవం వచ్చినవారు లోణావళా వైపు రైల్లో వెళ్లి, ఖండాలా దగ్గర పాముపడగలా లేచిన నాగఫణికి, ఇంగ్లీషువారు డ్యూక్స్ నోస్ అన్న శిఖరానికి, చేరుతారు. బోరివలీ అడవిలోని కాన్హేరీ బౌద్ధ గుహల పరిసరాల్లోనూ ముంబయి క్లైంబర్లు ఒకప్పుడు సాధన చేశారు గాని, అది రక్షిత కట్టడమూ జాతీయ ఉద్యానమూ అయిన చోటు కనుక అనుమతి లేకుండా అక్కడ గోడ ముట్టుకోవడం తగదు. ఈ క్రీడను నగరంలో పెంచినవి ఎక్కువగా సభ్యుల చందాలతో, ఆదివారపు శ్రమతో నడిచే క్లబ్బులే. వాటిలో 1954లో ఏర్పడిన గిరివిహార్ పాతది. 2016లో నవీ ముంబయిలో బౌల్డరింగ్ ప్రపంచ కప్ పోటీ, అంటే తాడు లేకుండా పొట్టి గోడలను కింద పరుపులు పరచుకొని ఎక్కే పోటీ, జరగడానికి వెనుక నిలిచినదీ ఆ క్లబ్బే.

సహ్యాద్రి రాయి స్వభావం తెలియకుండా దాన్ని ఎక్కడం సాధ్యం కాదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్లలోంచి పొంగిన లావా ఒకదానిపై ఒకటిగా పొరలు పొరలుగా గడ్డకట్టి బసాల్ట్ అనే నల్లరాయిగా మారింది. ఒక పొంగుకూ మరొక పొంగుకూ నడుమ గడిచిన కాలంలో పైపొర చివికి, అక్కడక్కడ ఎర్రటి మెత్తని మట్టిపొరగా మిగిలిపోయింది. అందువల్ల ఇక్కడి గోడ ఎక్కేవారికి కొంతదూరం గట్టి రాయి, దానిపైన గడ్డి మొలిచిన సన్నని అరుగు, ఆపైన మళ్లీ నిటారు రాయి ఎదురవుతాయి. పట్టులు ఎక్కువగా అడ్డంగా, అంచుల రూపంలో ఉంటాయి కనుక చేతివేళ్లకు పని ఎక్కువ. అరుగుల మీద పోగుపడే రాళ్లపొడి, మరాఠీ ట్రెక్కర్లు ఘసారా అని పిలిచేది, నిటారు గోడకన్నా ఎక్కువమందిని జారుస్తుంది. గోడ భయపెడుతుంది గనుక అక్కడ జాగ్రత్త తనంత తానే వస్తుంది, అరుగు మీదే మనిషి ఏమరుస్తాడు.

సెలవులకు స్వగ్రామం వెళ్లే ముంబయి తెలుగు కుటుంబాల పిల్లలకు తెలంగాణలో దీనికి పూర్తిగా వేరైన రాయి కనిపిస్తుంది. సికిందరాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు మార్గంలోని భువనగిరి కోట ఒకే పెద్ద గ్రానైట్ గుండు మీద కట్టినది; ఆ ప్రాంతపు గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. అక్కడ పట్టుకోవడానికి అంచులు తక్కువ, వాలు నునుపుగా సాగుతుంది. బూటు అడుగున ఉండే మెత్తని రబ్బరుకూ రాతి గరుకుకూ మధ్య పుట్టే రాపిడి మీద భారమంతా వేసి, నడుము గోడకు దూరంగా ఉంచి, పాదాలను నమ్మి నడవాలి. బసాల్ట్ మీద నేర్చినవారు మొదటిసారి గ్రానైట్ ఎక్కినప్పుడు భయంతో గోడకు అతుక్కుంటారు, బరువు పాదాల మీంచి తప్పుతుంది, వెంటనే జారుతారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, 2014 మే 25న, సహ విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కకముందు తొలి పాఠాలు నేర్చింది ఈ భువనగిరి గుండు మీదే. వారిద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకున్నవారు.

రాయి సంగతి ఇంతటితో ఆపి తాడు దగ్గరికి వస్తే, తోబుట్టువులు జతగా ఎక్కడంలో ఉన్న అసలు చిక్కు అక్కడ తేలుతుంది. ఎక్కే వ్యక్తి నడుముకు హార్నెస్ అనే పట్టీల జీను ఉంటుంది. దానికి ఎనిమిది అంకె ఆకారపు ముడితో తాడు కట్టుకుంటారు. ఆ తాడు పైనున్న ఆధారం గుండా తిరిగి, కింద నిలబడ్డ జతగాడి హార్నెస్‌కు తగిలించిన బిలే పరికరంలోంచి వెళుతుంది. బిలే అంటే ఎక్కేవారి తాడును కింద నుంచి అదుపుచేయడం. పరికరంలో తాడు మెలిక తిరిగి రాపిడి పుడుతుంది గనుక, కిందివారి ఒక చెయ్యి, బ్రేక్ చెయ్యి, తాడును పట్టుకుని ఉన్నంతసేపు పైవారు జారినా వేలాడతారే తప్ప పడరు. ఆ చెయ్యి క్షణం కూడా తాడును విడవరాదు. ఫోన్ మోగినా, దోమ కుట్టినా.

పదడుగుల గదిలో ఒకే చాప మీద పెరిగిన అక్కాతమ్ముళ్లకు పరస్పర నమ్మకం కొరవడదు. కొండ మీద ఇబ్బంది తెచ్చేది సరిగ్గా ఆ నమ్మకమే. పరిచయం లేని వ్యక్తి ముడిని రెండుసార్లు తడిమి చూసే తమ్ముడు, అక్క కట్టుకున్న ముడిని చూడకుండానే తలూపుతాడు. ‘నాకు తెలీదా’ అని అక్క విసుక్కుంటే ఆ మాటతో తనిఖీ ముగిసిపోతుంది. అందుకే పద్ధతి తెలిసిన శిక్షకులు తొలి రోజుల్లో తోబుట్టువులను విడదీసి వేరే జతల్లో వేయడం మంచిది: హార్నెస్ బకిల్, ముడి, కారాబినర్ అనే లోహపు కొక్కెం తాళం, బిలే పరికరంలో తాడు వెళ్లిన దిశ, ఈ నాలుగింటినీ ఒకరివి మరొకరు చేతితో ముట్టి చూసే అలవాటు పరాయివారి దగ్గర తొందరగా పడుతుంది.

బరువు తేడా మరో సమస్య. 70 కిలోల అన్న ముందుగా ఎక్కుతూ దారిలో రాతికి బిగించిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ పోతున్నప్పుడు జారితే, కింద ఉన్న 45 కిలోల చెల్లెలు ఒక్క కుదుపుతో నేలనుంచి పైకి లేచి మొదటి బోల్టు దాకా పోవచ్చు, గోడకు కొట్టుకుని చెయ్యి వదిలేయవచ్చు. ఆమెను వెనుక ఉన్న గట్టి చెట్టుకో, బండకో అంత బిగుతు లేకుండా కట్టి ఉంచడం దీనికి తేలికైన విరుగుడు. అరుపులూ ముందుగానే అనుకోవాలి: గాలి హోరులో ‘తాడు వదులు’ అన్న కేక సడలించమన్నట్టూ, విడిచిపెట్టమన్నట్టూ వినిపించగలదు కాబట్టి, ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నా గోడ దగ్గర ‘స్లాక్’ (సడలించు), ‘టేక్’ (బిగించు) వంటి పొట్టి మాటలకే కట్టుబడడం క్షేమం.

తోబుట్టువుల జతలు ఈ క్రీడ చరిత్రలో రెండు విధాలా కనిపిస్తాయి. జర్మనీకి చెందిన హూబర్ అన్నదమ్ములు 2007లో అమెరికాలోని యోసెమిటీలో ఎల్ కాపిటాన్ గోడ మీది నోస్ మార్గాన్ని 3 గంటలలోపే ఎక్కి అప్పటి రికార్డు నెలకొల్పారు. 1970 జూన్‌లో నంగా పర్బత్ మీద రైన్‌హోల్డ్ మెస్నర్ ఒంటరిగా శిఖరం వైపు బయలుదేరగా, దారిలో తాళ్లు కట్టే పని అప్పగించిన తమ్ముడు గుంటర్ దాన్ని విడిచి అన్న వెంట పడ్డాడు. ఇద్దరూ శిఖరం చేరారు గాని, తాడు లేని ఆ దిగుదలలో గుంటర్ ప్రాణం పోయింది. నంగా పర్బత్‌కూ ముంబ్రా గోడకూ పోలిక లేకపోయినా, ముందుగా అనుకున్న పనిని ప్రేమకొద్దీ విడిచిపెట్టడం ఎత్తుతో సంబంధం లేకుండా జరిగేదే.

చలికాలపు గోడల మీద కొండతేనెటీగల పట్లు ఉంటాయి. మరాఠీవారు ఆగ్యా మోహోళ్ అనే వీటి కింద అత్తరు, పొగ, కేకలు మూడూ నిషిద్ధం. పొద్దు త్వరగా గుంకుతుంది గనుక దిగడం నాలుగు గంటలకే మొదలుపెట్టాలి. తాడు మీద జారుతూ దిగే రాపెలింగ్ తేలికగా కనిపిస్తుంది గాని, అలసిన వేళ, ఇంటి ధ్యాసలో చేసేది కాబట్టి ఇక్కడ పొరపాట్లు ఎక్కువ: తాడు రెండు కొసలకూ ముడులు వేయకపోతే, అది నేలదాకా అందని చోట మనిషి కొసల్లోంచి జారిపోతాడు. ఇద్దరిలో అనుభవం ఎక్కువ ఉన్నవారు ముందు దిగి కిందినుంచి రెండోవారి తాడును పట్టి ఉంచాలి. ఇద్దరూ దిగాక కొసల ముడులు విప్పి తాడును కిందికి లాగేటప్పుడు దానితోపాటు రాళ్లు రాలుతాయి, కాబట్టి తాడు చుట్ట చుట్టేదాకా హెల్మెట్ తలమీదే ఉండాలి.