కండపుష్టికి బరువు ముఖ్యమా? ఆవృత్తి ముఖ్యమా?

వ్యాయామము చేయు యువకులలో చిరకాలముగా ఒక వివాదము కలదు. పెద్ద బరువును కొద్దిమార్లు ఎత్తిననే కండ పెరుగునని కొందరును, తేలిక బరువును పలుమార్లు ఎత్తినను చాలునని కొందరును వాదింతురు. కృష్ణగిరి సీమలోని కుందారపల్లి వంటి పల్లెలలో ఇది వట్టి వాదము కాదు. ఇనుప బరువులు కొనజాలని వానికి కండ పెంచుకొను దారి కలదా, లేదా అనునదే ఇందలి ప్రశ్న.

మన పూర్వుల తాలింఖానాలలో రెండు పద్ధతులును ఉండెను. దండీలు, బస్కీలు వందలకొలదిగా తీయుట ఒకటి. గుండ్లను, సంగడములను ఎత్తుట రెండవది. ఛాతీపై ఏనుగును నిలిపి, ఇనుప గొలుసులను తెంచి ప్రసిద్ధికెక్కిన వీరఘట్టపు కోడి రామమూర్తినాయుడుగారు ఇట్టి సాముగరిడీలలో ఆరితేరినవారే.

పాశ్చాత్యదేశములలో ఈ విషయమును శాస్త్రదృష్టితో పరిశీలించిన తొలివారిలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ ఒకడు. హెచ్చు బరువు, తక్కువ ఆవృత్తులు బలము నిచ్చుననియు, తక్కువ బరువు, హెచ్చు ఆవృత్తులు ఓర్పు నిచ్చుననియు 1945లో అతడు విభజించెను. ఈ విభజనయే తరువాత కండపెంపునకును సూత్రమై చెలామణి అయినది.

ఇటీవలి పరిశోధనలు దీనిని కొంత సవరించినవి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన ప్రయోగమున, బరువులెత్తు అలవాటుగల 49 మంది యువకులు 12 వారములు సాధన చేసిరి. ఒక వర్గము విడతకు 8 నుండి 12 మార్లు, రెండవ వర్గము తేలిక బరువుతో 20 నుండి 25 మార్లు, ఇక ఎత్తలేమనువరకు ఎత్తెను. కండపెంపు ఉభయులకును ఇంచుమించు సమానము.

దీనికి కారణము కలదు. కండలోని తంతువులు గుంపులుగా నాడులకు లోబడియుండును. స్వల్పశ్రమకు చిన్న గుంపులే కదలును. బరువు హెచ్చినప్పుడు పెద్ద గుంపులు వెంటనే పనిలో దిగును. బరువు తేలికయైనచో, చిన్నవి అలసిన పిదప పెద్దవి తోడగును. కావున అలసట రాకమునుపే ఆపివేసిన వంద ఆవృత్తులకంటె, అలసట వరకు సాగిన పాతిక మేలు. ఐనను మిక్కిలి తేలిక బరువు పనికిరాదు. ఒక్కమారు మాత్రమే ఎత్తగల బరువులో ఐదవవంతుతో చేసిన సాధనకు ఫలము తక్కువయని 2018లో వెలువడిన మరియొక పరిశోధన తెలిపినది.

బలము మాట వేరు. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో కరణం మల్లీశ్వరి 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. అట్టి బరువు నెత్తుటకు పెద్ద బరువులతోనే అభ్యాసము కావలెను. నాడులును ఆ పనిని నేర్వవలెను గదా! చింతపండు మూటను ఒక్కపట్టున భుజమున కెత్తువానికిని, రోజంతయు మామిడిపండ్ల బుట్టల నందించువానికిని అలవడు నేర్పు ఒక్కటి కాదు.

కావున ఇనుము లేని పల్లె యువకుడు నిరాశపడ పనిలేదు. దండీలను, బస్కీలను మరి రెండుమూడు మాత్రమే తీయగలననువరకు సాగింపవలెను. 30 సులభమైనచో కాళ్లను అరుగుపై నుంచి దండీలు తీయుట, వీపున ఇసుకసంచి మోసి బస్కీలు తీయుట వంటి ఉపాయములు కలవు. రాగిసంకటితోపాటు ఉలవలు, పప్పు, పాలు, గుడ్లు తినుట, కంటినిండ నిద్రపోవుట మరువరాదు. తగిన నేర్పు, తోడు లేక శక్తికి మించిన గుండు నెత్తి నడుము చెడగొట్టుకొనుటకంటె ఈ మార్గము క్షేమకరము.