మీకు తెలుసా? బోల్టు తల మీది అంకె సైజు కాదు

పాత బండ్ల సామాన్లకు చెన్నైలో పుదుపేట పెట్టింది పేరు. అక్కడ బోల్టు చేతికి తీసుకుంటే దాని తల చూడండి. 8.8 అనో 10.9 అనో ఉబ్బెత్తుగా ఉంటుంది. అది సైజు కాదు, సత్తా. 10.9 రకం తెగాలంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 100 కిలోల లాగుడు కావాలి. అందులో 90 శాతం దగ్గరే సాగిపోవడం మొదలవుతుంది, ఇక వెనక్కి రాదు. దానికి 10 అంకె ఉన్న నట్టే జోడీ.

ఈ సత్తా ఎక్కడ అవసరమంటే, లారీ వెనక భాగం ఎత్తు పెంచాలని కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య దిమ్మె పెట్టారనుకోండి, ఆ మూడింటినీ కలిపి బిగించి పట్టుకునేవి యూ (U) ఆకారపు బోల్టులే. దిమ్మె మందానికి తగ్గట్టు అవీ పొడవు పెరగాలి. పాతవి బాగానే కనిపిస్తాయి, అదే చిక్కు! ఒకసారి బిగిసి సాగిన మర మళ్లీ అంత పట్టు ఇవ్వదు. కొత్తవాటినైనా బండి కొంత దూరం తిరిగాక మరోసారి బిగించాల్సిందే. ముందు ఇరుసుకు దిమ్మెలు అసలే వద్దు.

అన్నట్టు, దేశంలో పేరున్న బోల్టుల కంపెనీ సుందరం ఫాస్టెనర్స్ 1962లో పుట్టింది చెన్నైలోనే. అశోక్ లేలాండ్ లారీలు తయారయ్యే ఎన్నూరూ ఇక్కడిదే.