పొదుపరి భాష

కంప్యూటరు తెరమీది ఆటలో ఒక యోధుడు వంతెన దాటును. ద్వారపాలకుడు వానిని అడ్డగించును. యోధుడు నాణెములిచ్చి లోనికి పోవును. ఆ బొమ్మలను వేగముగా గీయు పని ఒక భాషలో వ్రాయబడును. ద్వారపాలకుడు ఎప్పుడు అడ్డగింపవలెను, ఎన్ని నాణెములు పుచ్చుకొనవలెను అను నియమములు తరచుగా వేరొక చిన్న భాషలో వ్రాయబడును. నాటకమున రంగస్థలమును కట్టువారు వేరు, సంభాషణలు వ్రాయువారు వేరు గదా! అట్టి చిన్న భాషలలో లువా మిక్కిలి ప్రసిద్ధమైనది.

ఇది 1993లో బ్రెజిలు దేశమున, రియో డి జనీరో నగరములోని కాథలిక్ విశ్వవిద్యాలయమున పుట్టినది. రొబెర్తో యెరుసాలిమ్‌స్కీ, లూయిజ్ ఎన్రికె డి ఫిగెరెడో, వాల్దెమార్ సెలెస్ అను మువ్వురు దీని నిర్మాతలు. మొదట ఇది ఆటలకొరకు కాదు, పెట్రోబ్రాస్ అను చమురు సంస్థ ఇంజనీర్ల అవసరములకై ఏర్పడినది. అంతకుముందు అక్కడనే తయారైన ఒక భాష పేరు సోల్, అనగా పోర్చుగీసులో సూర్యుడు. అందుచే దీనికి చంద్రుడను అర్థము గల లువా అను పేరు పెట్టిరి. 1998లో గ్రిమ్ ఫాండాంగో, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆటలు దీనిని ఉపయోగించుకొనినవి.

లువా స్వభావము పొదుపు. పెక్కు భాషలలో పూర్ణసంఖ్యలకు ఒక అర, దశాంశములకు వేరొక అర ఉండగా, లువాలో చిరకాలము అన్ని సంఖ్యలకును ఒకే విధమైన అర యుండెను. అందు 64 గడులు. ప్రతి గడిలో సున్నయో ఒకటియో ఉండును. ధన ఋణ చిహ్నమునకు ఒక గడి, బిందువు స్థానమును తెలుపుటకు 11 గడులు పోగా, అంకెలకు మిగులునవి 52. ముందుండు ఒకటిని వ్రాయకయే ఉన్నట్లు భావింతురు గనుక 53 స్థానముల పని జరుగును. 53 రెండ్లను వరుసగా గుణించినచో 9007199254740992 వచ్చును. అంతవరకు ఏ పూర్ణసంఖ్యయైనను తప్పులేక ఇముడును. దానికి ఒకటి కలిపి చూడుడు: ఫలితము మరల 9007199254740992 యే! పొరపాటు జరిగినదని యంత్రము చెప్పనైనను చెప్పదు.

ఇంత ధనము ఏ ఆటగానికి చేరునని మీరు నవ్వవచ్చును. చిక్కు ధనముతో కాదు. లక్షలమంది ఆడు ఆటలో ప్రతి మనిషికి, ప్రతి కత్తికి ఒక గుర్తు సంఖ్య నిత్తురు. అది 64 గడుల నిండుగా ఉండవచ్చును. పైన చెప్పిన సంఖ్య గుర్తుగా గల బాలునికిని, దాని తరువాతి సంఖ్య గల బాలునికిని ఈ అర భేదము చూపజాలదు. ఒకడు ఏడాది శ్రమపడి గెలిచిన కవచము వేరొకని పెట్టెలోనికి పోవచ్చును. అందుచే తెలిసినవారు గుర్తు సంఖ్యలను అక్షరముల వరుసగా దాచుదురు. వానిని కూడవలసిన పని లేదు గదా.

2015లో వెలువడిన 5.3వ కూర్పు పూర్ణసంఖ్యలకు వేరుగా 64 గడుల అరను ఇచ్చినది. హద్దు 9223372036854775807 వరకు జరిగినదే గాని తొలగిపోలేదు. అక్కడ ఒకటి కలిపినచో సంఖ్య ఋణసంఖ్యల కొట్టకొనకు తిరిగిపోవును; మహాధనికుడు క్షణములో మహా ఋణగ్రస్తుడగును!

ఈ పొదుపు మరియొక చోటను కనబడును. పెక్కు భాషలలో తరగతి అను ఏర్పాటు కలదు. యోధుల తరగతిని ఒకమారు వర్ణించినచో, అచ్చులో పోసినట్లు ఎందరు యోధులనైనను చేయవచ్చును. లువాలో తరగతి లేదు. ఉన్నది పట్టిక ఒక్కటే. ఒకవైపు పేర్లు, వాని కెదురుగా విలువలు. కొందరికిది లోపముగా తోచును. నాకు మాత్రము ముచ్చటగా నున్నది. ఏలయన, ఒక పట్టికలో అడిగినది లేకున్నచో ఫలానా పెద్ద పట్టికలో వెదకుమని చెప్పు వీలు కలదు. వీరయ్య అను యోధుని పట్టికలో వాని బలము మాత్రముండును. నడచుట, పోరాడుట పెద్ద పట్టికలో నుండును. ఉమ్మడి కుటుంబమున మనుమని పెట్టెలో లేని వస్తువునకై తాతగారి బీరువా తెరచినట్లన్నమాట. వ్రాయునప్పుడు మాత్రము వీరయ్య తన పట్టికలోనే వ్రాసికొనును. కాబట్టి వాని బలము తగ్గినను తక్కిన యోధుల బలము తగ్గదు.

అయితే నాణెముల సంచియు ఒక పట్టికయే. దానిని తాతగారి బీరువాలో ఉంచితిరా, అందరును ఆ ఒక్క సంచిలోనే చేయి పెట్టుదురు. వీరయ్య ద్వారపాలకునికి పది నాణెములిచ్చినచో, ఎక్కడనో అడవిలో నున్న యోధునికిని పది నాణెములు తగ్గును! కొత్తగా నేర్చువారి ఆటలలో ఈ వింత తరచుగా కనబడును. ప్రతి యోధుడు పుట్టినప్పుడే వానికొక కొత్త సంచి నిచ్చుట దీనికి మందు.