కంప్యూటరు నిద్రించగా తెగిపోయే నకలు డిస్కు

వ్రాసిన దానికి మరొక ప్రతి తీసి వేరొక చోట దాచుకొనుట వ్రాత ఎంత పాతదో అంత పాత అలవాటు. ఉర్దూలోను, తెలుగులోను చలామణిలో ఉన్న 'నకలు' అనే మాట ఈ పనికి చక్కగా సరిపోతుంది. నేడు పరిశోధన వ్యాసాలు, ప్రయోగశాల లెక్కలు, ఛాయాచిత్రాలు అన్నీ కంప్యూటరులోని డిస్కు మీదనే ఉంటున్నవి. ఏ డిస్కూ శాశ్వతం కాదు. కావున అందులోని విషయాన్ని ఎప్పటికప్పుడు మరొక డిస్కుకు ఎక్కించే ఏర్పాటు అవసరమైనది. దానినే బ్యాకప్ అంటున్నాము. ఈ రెండవ డిస్కును కంప్యూటరుకు నేరుగా తగిలించవచ్చు. లేదా రౌటరు ప్రక్కన ఒక చిన్న పెట్టెలో ఉంచి, నెట్‌వర్కు ద్వారా పలువురు వాడుకొనవచ్చు. ఈ రెండవ పద్ధతిలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి గలదు: కంప్యూటరు నిద్రలోకి పోయి లేచేసరికి నకలు డిస్కుతో సంబంధం తెగిపోయి ఉంటుంది.

ఇది చిన్న చికాకుగా కనిపించవచ్చును. కాని నకలు లేదని తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడు; ఉన్నదని నమ్మి నిశ్చింతగా ఉన్నవాడే నష్టపోతాడు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధ సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన సర్వరులోని సమాచార నిధిని తొలగించాడు. నకళ్ళు తీయడానికి వారికి పలు ఏర్పాట్లు ఉన్నవి. తీరా వెదకగా, రోజువారీ నకలు కొంతకాలంగా విఫలమవుతున్నదని, ఆ వైఫల్యాన్ని తెలియజేయవలసిన ఈ-మెయిళ్ళు సైతం తిరస్కరింపబడి ఎవరికీ చేరలేదని బయటపడింది. అదృష్టవశాత్తు వేరొక పనికై అంతకు ఆరు గంటల ముందు తీసిన ప్రతి ఒకటి మిగిలింది. ఆ ఆరు గంటల సమాచారం మాత్రం పోయింది. అక్కడ కారణం కంప్యూటరు నిద్ర కాదు. అయినను చడీచప్పుడు లేకుండా ఆగిపోయిన నకలు ఎంతటి వారినైనను ఎట్లు మోసగించగలదో ఆ సంఘటన చూపుతుంది.

ఇక కంప్యూటరు నిద్ర అనగానేమో చూతము. 1996లో వెలువడిన ఎ.సి.పి.ఐ. అనే ప్రమాణం యంత్రపు స్థితులను ఎస్-సున్న నుండి ఎస్-అయిదు వరకు విభజించింది. మూడవ స్థితి మామూలు నిద్ర. ఇందులో జ్ఞాపకశక్తి భాగానికి మాత్రమే విద్యుత్తు అందుతూ, తక్కినవన్నీ దాదాపు ఆరిపోతాయి. నాల్గవ స్థితిలో ఆ జ్ఞాపకాన్ని కూడ డిస్కుపై వ్రాసి యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. క్రొత్త ల్యాప్‌టాపులలో పలువాటిలో మూడవ స్థితికి బదులు, సెల్‌ఫోను వలె అర్ధనిద్రలో ఉండే పద్ధతి వచ్చింది. ఏ పద్ధతిలోనైనను బ్యాకప్ వంటి దీర్ఘమైన పని నిరాటంకంగా సాగుతుందని ఆశించరాదు.

నెట్‌వర్కు డిస్కుతో మన కంప్యూటరు నెరపే సంబంధం తీగ వంటి వస్తువు కాదు. అది ఒక సంభాషణ. గ్రంథాలయ దృష్టాంతం తీసికొందాము. పాఠకుడు తన కార్డు చూపి, ఒక గ్రంథం తెప్పించుకొని, బల్ల వద్ద కూర్చుని వ్రాసుకొనుచున్నాడు. మధ్యలో అతడు లేచిపోయాడు. కొద్ది నిమిషాలైతే గ్రంథపాలకుడు ఊరుకుంటాడు. ఎంతకూ రాకపోతే పుస్తకాన్ని బీరువాలో పెట్టి, చీటీ చింపివేస్తాడు. ఆ తరువాత పాఠకుడు తిరిగి వచ్చి 'నా పుస్తకమేది?' అని అడిగితే, మరల మొదటినుండి కార్డు చూపవలసినదే. ఇక్కడ చీటీ అనగా సర్వరు మన కంప్యూటరుకిచ్చిన అనుమతి, తెరచి ఉంచిన ఫైళ్ళ పట్టిక. ఈ సంభాషణకు నేడు ఎక్కువగా వాడే భాష ఎస్.ఎం.బి.; దీనిని 1983 ప్రాంతంలో ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. కొద్దిసేపు సంబంధం తెగినను ఫైలు చీటీని నిలిపి ఉంచే సౌకర్యం దీని రెండవ తరంలో చేరింది. అయితే ఆ మన్నింపునకు గడువు ఉన్నది. రాత్రంతా సాగే నిద్రకు అది చాలదు.

ఇందులో ఒక విచిత్రం గమనింపదగినది. ఎస్.ఎం.బి. సంభాషణను మోసే టి.సి.పి. అనే నియమావళి స్వతస్సిద్ధంగా ఎంతో ఓపిక గలది. ఇరువైపుల వారు మౌనంగా ఉన్నంత మాత్రాన అది సంబంధాన్ని త్రెంచదు. 'ఉన్నావా?' అని విచారించే సందేశాన్ని కూడ రెండు గంటలకు లోపు పంపరాదన్నది 1989 నాటి ప్రమాణపత్రం సూచించిన సాధారణ విరామం. కావున, ఏమీ వ్రాయని సమయంలో కంప్యూటరు ఒక్క నిమిషం కునుకు తీసి లేస్తే సంబంధం చెక్కుచెదరకుండ ఉండవచ్చు. ఫైలు సగం వ్రాయుచుండగా నిద్ర పోతే మాత్రం సర్వరు పంపిన జవాబు అందుకొనే నాథుడుండడు. కొన్ని ప్రయత్నాల అనంతరం సర్వరు విసిగి సంబంధాన్ని మూసివేస్తుంది.

ఈ తేడాయే మనకు పరీక్షా సాధనం. మొదట కంప్యూటరును ఒక నిమిషం నిద్రపుచ్చి లేపి, డిస్కు తెరచుకొనునేమో చూడవలెను. పిదప అరగంట నిద్రపుచ్చి మరల చూడవలెను. నిమిషానికి నిలిచి అరగంటకు తెగితే దోషం గడువులలో ఉన్నది. ఒక్క నిమిషానికే తెగితే నెట్‌వర్కు కార్డును, వైర్‌లెస్ సంబంధాన్ని అనుమానించాలి. నిద్ర లేచిన వెంటనే వైర్‌లెస్ యంత్రం రౌటరును వెదకి, సంకేతపదం ఒప్పజెప్పి, చిరునామా పొందవలసి ఉంటుంది. ఈలోగానే బ్యాకప్ ప్రోగ్రాము డిస్కును పిలిచి, జవాబు రాక విరమిస్తుంది. తీగతో రౌటరుకు కలిపి అదే పరీక్ష చేయగా దోషం మాయమైతే కారణం తేలిపోయినట్లే.

డిస్కు పేరుతో పిలిస్తే పలుకక, అంకెల చిరునామాతో పిలిస్తే పలికిందనుకోండి. అప్పుడు లోపం పేరును చిరునామాగా మార్చే చోట ఉన్నది. అంకెల చిరునామాయే మారిపోయి ఉంటే, రౌటరులో ఆ పెట్టెకు ఒక స్థిరమైన చిరునామా కేటాయించవలెను. కరెంటు పోయి వచ్చే మన ఊళ్ళలో దీనిని ముందే చేయుట మేలు: ల్యాప్‌టాపు బ్యాటరీ మీద హాయిగా నిద్రించుచుండగా రౌటరు ఆరి వెలుగుతుంది. నకలు పెట్టె కూడ ఒక్కొక్కప్పుడు నిద్రిస్తుంది. దాని డిస్కు తిరుగుట ఆగి ఉంటే మరల వేగం అందుకొనుటకు పలు సెకన్లు పడుతుంది. మొదటి పిలుపు విఫలమై రెండవ పిలుపు ఫలిస్తే దోషి అదే.

విండోస్‌లో నెట్‌వర్కు డిస్కు గుర్తుపై ఎర్రని ఇంటూ గుర్తు చూసి కంగారుపడేవారు పలువురు. విండోస్ సర్వరు సాధారణంగా 15 నిమిషాలు పని లేని సంబంధాన్ని తానే ముగిస్తుంది. గుర్తుపై నొక్కగానే డిస్కు తెరచుకొంటే అది వ్యాధి కాదు. దానికి చికిత్స వెదకుట కాలహరణమే.

ఆపిల్ కంప్యూటర్లలో 2007లో ప్రవేశించిన టైమ్ మెషిన్ విషయం కొంత గంభీరమైనది. అది నెట్‌వర్కు డిస్కుపై మామూలు ఫైళ్ళను గాక, పలు ముక్కలుగా విభజింపబడిన ఒక కృత్రిమ డిస్కును నిర్మించి, అందులో నకలు వ్రాస్తుంది. వ్రాత మధ్యలో సంబంధం తెగితే ఈ లోపలి డిస్కు పట్టికలు పొంతన తప్పవచ్చు. అటుపిమ్మట పరిశీలనలో అది నమ్మదగినది కాదని తేలితే, పాతది విడిచి మొదటినుండి క్రొత్త నకలు తీయవలెనని యంత్రమే కోరుతుంది. నెలల తరబడి కూడిన పాత ప్రతులు ఆ విధంగా చేజారుతాయి.

నివారణకు పలువురు చెప్పే సులభోపాయం నిద్రను శాశ్వతంగా రద్దు చేయుట. నాకు అది సమ్మతం కాదు. గంట పనికై ఇరువది నాలుగు గంటలు యంత్రాన్ని మేల్కొల్పుట విద్యుత్తు దుబారా. బ్యాకప్ సాగినంతసేపు మాత్రమే నిద్రను ఆపుట యుక్తం. ఆపిల్‌లో టెర్మినల్ నందు 'కెఫినేట్' అనే ఆజ్ఞ ఇందుకే ఉన్నది. కాఫీ మాట స్ఫురించే ఆ పేరు ఎవరు పెట్టారో గాని రసజ్ఞులే. విండోస్‌లో టాస్క్ షెడ్యూలరు పనిని నిర్ణయించునప్పుడు, ఆ పని కోసం కంప్యూటరును మేల్కొల్పమని కోరే గడి ఒకటి ఉన్నది, దానిని గుర్తించాలి. 'పవర్ సి.ఎఫ్.జి.' ఆజ్ఞ నిద్రను అడ్డగిస్తున్న ప్రోగ్రాములను, యంత్రాన్ని చివరిసారి లేపిన కారణాన్ని తెలుపుతుంది. డివైస్ మేనేజరులో నెట్‌వర్కు కార్డును పొదుపు కోసం ఆర్పివేయుటకు ఇచ్చిన అనుమతిని తొలగించి చూడవచ్చు. ల్యాప్‌టాపైతే చార్జరు తగిలించి, మూత తెరచి ఉంచుట ముఖ్యం. మూత మూయగానే నిద్రపోవుట దాని సహజ ధర్మం.

నకలు డిస్కు మరొక కంప్యూటరులోనే ఉండి, ఆ కంప్యూటరే నిద్రిస్తే కథ తారుమారవుతుంది. అప్పుడు దానిని నెట్‌వర్కు ద్వారా లేపుటకు 102 బైట్ల సందేశం చాలు: అందులో మొదట ఆరు బైట్ల మేలుకొలుపు గుర్తు, తరువాత ఆ యంత్రపు కార్డు సంఖ్య పదహారు మార్లు ఉంటాయి. అయితే లేపించుకొనే యంత్రంలో ఈ సౌకర్యాన్ని ముందే అనుమతించి ఉండాలి.

ఈ మార్పులు చేసిన తరువాత మూడు రాత్రులు వరుసగా పరీక్షింపవలెను. ప్రతి ఉదయం డిస్కు గుర్తును గాక, చివరి నకలు పూర్తయిన తేదీని, వేళను చూడవలెను. నాల్గవ నాడు నకలు నుండి ఏదో ఒక ఫైలును, అసలుదానిపై గాక, వేరొక ఫోల్డరులోకి తిరిగి తెచ్చుకొని, తెరచి, కడదాక చదివి చూడవలెను.